అలగని మెషీన్

ఉరుముకి కోపం వస్తే అరవదు. ఆమెతో వచ్చిన చిక్కే అది. అరిచేవాళ్ళయితే అరిచి, ఏడ్చి, ముఖం కడుక్కుని మళ్ళీ మనుషుల్లో పడతారు. ఈవిడ అలా కాదు. నవ్వుతుంది. "అలాగే" అంటుంది. ఆ నవ్వు చూసి హమ్మయ్య అనుకున్నవాడి పని ఇక అయిపోయినట్టే. ఈ సంగతి అందరికంటే బాగా తెలియాల్సిన మనిషి ఆమె బావ. ఏళ్ళ తరబడి ఒకే స్టేజీ మీద పక్కపక్కన కూర్చుని వాయించినవాడు. తెలియాల్సిన ఆయనకే తెలియలేదు.

ఉరుము అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదులెండి. చిన్నప్పుడు చేతికి ఏది దొరికితే దాని మీద బాదేది. బల్ల, బకెట్టు, కుర్చీ వెనక చెక్క, ఏదీ దొరక్కపోతే పేపరు చదువుకుంటున్న నాన్న వీపు. పై అంతస్తులో అద్దెకుండే ముసలాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "వాన లేకుండానే ఈ ఉరుములేమిటమ్మా!" అని గోలపెట్టేవాడు. ఆ పేరు అలా అతుక్కుపోయింది. పెద్దదాని గొంతు తేనె, చిన్నదాని చెయ్యి ఉరుము అని అమ్మ ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

పెద్దది పాడుతుంది కాబట్టి కీబోర్డు వాయించేవాడు మొగుడుగా దొరికాడు. ఆ కీబోర్డు ఆయనకి సొంత ఆర్కెస్ట్రా ఉంది కాబట్టి చిన్నదానికి డ్రమ్స్ దొరికాయి. అందరూ ఆయన్ని మాస్టారూ అంటారు. ఉరుముకి మాత్రం ఉత్త బావే. "ఏం మరదలా, ఇవాళ ఎవరి వీపు పగలగొడతావు?" అని ఆయన అంటే, "నీది ఖాళీగా ఉందా బావా?" అని ఈవిడ అనేది. స్టేజీ ఎక్కితే మాత్రం ఆటలు లేవు. ఏమాటకామాట చెప్పుకోవాలి, ఇద్దరూ కలిసి వాయిస్తుంటే వినేవాళ్ళకి కుర్చీలో కాలు నిలిచేది కాదు.

ఆమె చేతిలో ఒక విశేషం ఉండేది. నాలుగో దెబ్బను రవ్వంత ఆలస్యం చేసేది. మెట్టు దిగబోతూ ఒక్క క్షణం ఆగినట్టు. తప్పు కాదది, ఆలస్యమూ కాదు. సరిగ్గా ఆ ఆగిన చోటే హాల్లో తలకాయలన్నీ ఒక్కసారి ఊగేవి. ఎలా చేస్తావని అడిగితే చెప్పడం ఆమెకే వచ్చేది కాదు. "చెయ్యి అక్కడికి అప్పుడే వెళ్తుంది, నేనేం చెయ్యను" అనేది.

పగలు వాద్యాల దుకాణంలో కౌంటరు దగ్గర ఉద్యోగం. కొత్త పెట్టె ఏదొచ్చినా దానితో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, బటన్లన్నీ నొక్కి చూసి, కొనేవాళ్ళకి వాయించి చూపించేది. సాయంత్రాలు ప్రోగ్రాములు. పెళ్ళి మాట ఎత్తితే, "డ్రమ్స్ మోసే మొగుణ్ణి చూడమ్మా, చేసుకుంటా" అనేది. అమ్మ నెత్తి కొట్టుకునేది. అలా రోజులు హాయిగా గడిచిపోతుండగా మణికట్లు మొరాయించాయి.

మొదట ఉదయం లేవగానే బిగుసుకునేవి. తర్వాత గ్లాసు పట్టుకున్నా లాగేవి. నరాలు నలిగిపోయాయి, కొట్టడం తగ్గించకపోతే తర్వాత చెంచా కూడా పట్టుకోలేవని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆ మాట విని అక్క ఏడ్చింది. బావ మాత్రం మర్నాడే ఒక డ్రమ్ మెషీన్ కొని చంకలో పెట్టుకుని వచ్చాడు.

"మరదలా, నీ దెబ్బలన్నీ ఇందులో దాచేద్దాం. ఒక్కసారి కష్టపడు, జన్మంతా కూర్చుని తిను. నువ్వు పక్కన ఉండి బటన్ నొక్కితే చాలు, నీ చెయ్యే మోగుతుంది" అన్నాడు.

ఎంత చల్లని మాట! ఉరుము కరిగిపోయింది. దుకాణానికి సెలవు దొరికిన రోజులన్నీ బావ ఇంటి ముందుగదిలోనే. బయటి చప్పుడు పడకుండా తలుపులకీ కిటికీలకీ బొంతలు కట్టారు. లోపల ఊపిరాడని ఉక్క. ఒక్కొక్క డ్రమ్మునీ మెల్లగా, గట్టిగా, ఇంకా గట్టిగా కొట్టాలి. తాళాలు, గంటలు, చప్పట్లు, ఆఖరికి ఆమె ఈల కూడా ఎక్కించారు. ఆ తర్వాత పాట పాటకీ దరువు మొత్తం. ప్రతిసారీ బావ చెవుల మీది హెడ్‌ఫోను కొంచెం ఎత్తి, "ఇంకొక్కసారి మరదలా" అనేవాడు. చల్లటి నీళ్ళలో చేతులు ముంచుకుని వచ్చి మళ్ళీ కొట్టేది. "ఇంకొక్కసారి మరదలా." మళ్ళీ కొట్టేది. చివరి దరువు ఎక్కేసరికి కర్ర వేళ్ళలోంచి జారి కింద పడింది. ఆ తర్వాత ఆమె డ్రమ్స్ కొట్టింది లేదు. మిగిలిన కాస్త బలం ఆ గదిలోనే అయిపోయింది.

మెషీన్‌నీ కీబోర్డునీ కలిపింది కూడా ఆమే. వాటి మధ్య మిడి అని ఒక తీగ ఉంటుంది. అందులో పాట వెళ్ళదు, మాటలు వెళ్తాయి. కీబోర్డు మీద ఫలానా మెట్టు నొక్కారు, ఇంత గట్టిగా నొక్కారు, ఇప్పుడు మొదలుపెట్టు, ఇప్పుడు ఆగు. ఒకరి మాట ఇంకొకరు అందుకోకుండా తలా ఒక చానెల్. డ్రమ్స్‌ది పదో చానెల్. కీబోర్డులో లోకల్ అని ఇంకో సెట్టింగు ఉంటుంది. దాన్ని ఆపేస్తే కీబోర్డు మెట్లకీ దాని సొంత గొంతుకీ సంబంధం తెగిపోతుంది, నొక్కినదల్లా తీగ వెంట అవతలి పెట్టెకి పోతుంది. మెషీన్‌లో దెబ్బల్ని గీత గీసినట్టు సరిదిద్దే సెట్టింగు కూడా ఉంది. ఉరుము మొట్టమొదట ఆపేసింది దాన్నే. నాలుగో దెబ్బ జోలికి ఎవరైనా వస్తే ఊరుకుంటుందా?

దెబ్బలన్నీ మెషీన్‌లో పెట్టిన గోరంత మెమరీ కార్డులో ఉన్నాయి. "ఇంకో కార్డులోకి కాపీ తీసి పెట్టుకో బావా" అంది.

"కాపీ ఎందుకు? అసలుదానివి నువ్వున్నావుగా!" అని బావ నవ్వేశాడు.

అసలుదాన్ని మూడో ప్రోగ్రాముకే పక్కన పెట్టేశాడు. బటన్ నొక్కడానికి ఒక మనిషెందుకు, వేన్‌లో చోటెందుకు, తన కీబోర్డు పక్కనే పెట్టుకుంటే తనే నొక్కుకుంటాడట. "నువ్వు రెస్టు తీసుకో మరదలా" అన్నాడు, అదేదో మహోపకారం చేస్తున్నట్టు. కూరలో కరివేపాకులా తీసిపారేశాడు మహానుభావుడు!

అదైనా దిగమింగేదేమో. ఆ తర్వాతి ప్రోగ్రాముకి అమ్మని తీసుకుని ప్రేక్షకుల్లో కూర్చుంది. చివర్లో వాయిద్యగాళ్ళందర్నీ పరిచయం చెయ్యడం బావకి అలవాటు. ఒక్కొక్కరి గురించీ ఒక చతురు విసురుతూ వచ్చి, మెషీన్ మీద చెయ్యేశాడు.

"ఇక ఇది నా కొత్త మరదలు! పాత మరదలికంటే వెయ్యి రెట్లు నయం. తిండి పెట్టక్కర్లేదు, చేతులు నొప్పి అనదు, అన్నిటికంటే ముఖ్యం, అలగదు!"

హాలు హాలంతా పగలబడి నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. ఉరుముకి తల కొట్టేసినట్టయింది. ఆ పరిచయాల వెనక మోగుతున్న దరువు తన చెయ్యి. తలలు ఊగుతున్నది తన నాలుగో దెబ్బకి. తన చేతుల్ని పిండుకుని, డబ్బాలో పోసుకుని, ఆ డబ్బాని చూపించి తననే వెక్కిరిస్తాడా? అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంటికొచ్చాక అమ్మతో అంటే, "సరదాకి అన్నాడే! బావ అన్నాక ఆ మాత్రం ఆటపట్టించడా? అల్లుడుగారి మనసు వెన్న" అంది.

"వెన్నేనమ్మా. కరిగిస్తా ఉండు" అంది ఉరుము, నవ్వుతూ.

ఆ రోజు నుంచి ఆమెకి కావలసింది ఒక్కటే. అదే స్టేజీ మీద, అదే మైకులో, అదే నోటితో, "ఈ దరువు నా మరదలిది" అని బావ చెప్పాలి. చెప్పకపోతే, అదే స్టేజీ మీద ఆయన పరువు గంగలో కలవాలి. కౌంటరు వెనక నిలబడి తీగలు చుట్టలు చుడుతూ, పెట్టెలు తుడుస్తూ, కొనేవాళ్ళకి నవ్వుతూ సమాధానాలు చెబుతూ, లోపల పళ్ళు నూరుతూనే ఉంది. నిద్రలో కూడా అదే ధ్యాస. ఎదురుచూసేవాళ్ళకి సమయం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కదా, వచ్చింది.

ఒక మధ్యాహ్నం అక్క దుకాణానికి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఒసేయ్, ఆ మెషీన్‌కి ఏదో అయిందే. మోగుతుంది గానీ కీబోర్డుతో కలవడం లేదు. ఈయన ఒక చోట ఉంటే అదొక చోట ఉంటోంది. దరువు కూడా నీది కాదేమో అన్నట్టుంది, చచ్చిన పాములా ఉంది. ఎల్లుండే పెద్ద ప్రోగ్రాము. రవాణా కంపెనీ వాళ్ళ వార్షికోత్సవం."

ఉరుముకి వినగానే అర్థమైంది. లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. కార్డులోని దెబ్బలు భద్రంగానే ఉంటాయి గానీ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీలో పుట్టినప్పటి స్థితికి పోయాయి. సరిదిద్దే సెట్టింగు మళ్ళీ లేచి కూర్చుని తన నాలుగో దెబ్బని తీసుకెళ్ళి గీత మీద నిలబెట్టింది.

"బావ పంపించాడా, నువ్వే వచ్చావా?" అని అడిగింది.

"ఆయన నోటితో అడగాలంటే..." అని అక్క నసిగింది. "నా కోసం రావే."

"అలాగే" అంది ఉరుము. నవ్వింది. అక్క ఆ నవ్వు కేసి ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకుంది. చెల్లెల్ని ఎత్తుకుని పెంచిన మనిషి, ఆమెకి తెలియకుండా ఉంటుందా?

మర్నాడు మెట్లెక్కి వెళ్ళేసరికి బావ గుమ్మంలోనే ఎదురయ్యాడు. "రా మరదలా రా! నీ చెయ్యి పడితే గానీ మాట వినదట, నీలాగే మొండిది" అన్నాడు. మెషీన్ ముందుగదిలో మడత పెట్టిన తువ్వాలు మీద ఉంది. తలుపులకి అప్పుడు బొంతలు కట్టిన మేకులు ఇంకా అలాగే ఉన్నాయి. ఉరుము వాటిని చూసింది. మెషీన్ వెనక మూత విప్పి కొత్త బ్యాటరీ వేసింది. దరువు వేగానికి మెషీన్ తన సొంత గడియారం మాని కీబోర్డు గడియారాన్ని అనుసరించేలా మార్చింది. మెషీన్ వినే చానెల్ పది చేసింది. సరిదిద్దే సెట్టింగుని ఆపేసింది. మొదలుపెట్టే బటన్ నొక్కగానే గదిలో తన పాత చెయ్యి మోగింది. మూడు దెబ్బలు, చిన్న ఆగుడు, నాలుగోది. వంటింట్లో అక్క గరిటె తిప్పడం ఆపేసింది.

"అబ్బ! ప్రాణం లేచొచ్చింది" అన్నాడు బావ.

"బావా, నాకో మాట ఇస్తావా? రేపు పరిచయాల్లో నా గురించి ఒక్క మాట చెప్పు. ఈ దెబ్బలు నావని."

"ఓస్, అంతేనా! చెప్తాలేవే. శాలువా కప్పమంటావా, దండ వెయ్యమంటావా?" అని కన్ను గీటాడు. ఇంతలో ఫోను మోగితే వసారాలోకి వెళ్ళిపోయాడు.

ఉరుము ఆయన్ని నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణాలు బోలెడు. బావకి ఒక అలవాటుంది. ప్రోగ్రాము ఆఖర్లో, పరిచయాలు అయ్యాక, దరువు ఆపేసి, కీబోర్డు మీద ఏడో బటన్ నొక్కి, వేణువు గొంతు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒంటరిగా వాయిస్తాడు. అది ఆయనకి ప్రాణం. జనం చప్పట్లు కొట్టేదాకా కళ్ళు తెరవడు. ఉరుము ఆ ఏడో బటన్ సెట్టింగులు తెరిచింది. అందులో లోకల్ ఆపేసింది. కీబోర్డు మాట్లాడే చానెల్ పది చేసింది. సేవ్ నొక్కింది. ఇక ఆ బటన్ నొక్కితే వేణువు నోరు పెగలదు, ఏ మెట్టు మీద వేలు పడ్డా మెషీన్‌లోంచి డ్రమ్మో, గంటో, ఈలో పలుకుతుంది. బావ మాట నిలబెట్టుకుంటే స్టేజీ ఎక్కి పాత సెట్టింగు తెచ్చిపెట్టడం చిటికెలో పని. లేదంటే ఆయన ఖర్మ.

ప్రోగ్రాము మధ్యాహ్నం పూట. పెద్ద హాలు, పైన ఫ్యాన్లు, కింద కుటుంబాలతో వచ్చిన డ్రైవర్లు, మెకానిక్కులు, గుమాస్తాలు. ఉరుము స్టేజీ పక్కన మైకులాయన దగ్గర ఒక ఇనపకుర్చీలో కూర్చుంది. పాటలు బాగా సాగాయి. అక్క గొంతుకి, తన చేతికి తలలు ఊగుతూనే ఉన్నాయి. పరిచయాల వేళకి ఉరుము కుర్చీ అంచుకి జరిగింది. పగ సంగతి అటుంచండి, ఆ క్షణాన ఆమె చిన్నపిల్లలా ఆశపడింది. చెప్తాడేమో. ఒక్క మాటే కదా.

బావ ఒక్కొక్కర్నీ దాటుకుంటూ మెషీన్ దగ్గరికొచ్చాడు. పక్కన కూర్చున్న ఉరుముని చూశాడు. చూసి నవ్వాడు.

"ఇది నా కొత్త మరదలు! అదిగో, పాతది అక్కడ కూర్చుని ఉంది, మూతి చూడండి! ఇది మాత్రం ఎప్పుడూ అలగదు!"

హాలు నవ్వింది. వెయ్యి కళ్ళు తన మూతి మీద. ఉరుము కూడా నవ్వింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నొక్కు బావా, నొక్కు.

బావ ఏడో బటన్ నొక్కాడు. కళ్ళు మూసుకున్నాడు. తల కాస్త పైకెత్తి, వేలు మెట్టు మీద మెత్తగా ఆన్చాడు. ధభేల్మంది. రెండో వేలు వేస్తే ఈల. మూడోది గంట. వేణువు పాట మొత్తం సామాన్లు మెట్ల మీంచి దొర్లినట్టు వినిపించింది. జనం ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత గొల్లుమన్నారు. ముందు వరసలో ఎవరో, "మాస్టారి వేణువు పగిలింది!" అని అరిచారు. బావ కళ్ళు తెరిచాడు. ముఖం పాలిపోయింది. మెట్లని చూశాడు, మెషీన్‌ని చూశాడు. ఉరుముకి కడుపు చల్లబడింది. అబ్బ, ఎంత హాయి! ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూసింది ఈ ముఖం కోసం!

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు.

బావ సామాన్యుడు కాదు. చెమట తుడుచుకున్నాడు. కావాలనే ఇంకో మెట్టు నొక్కాడు. చప్పట్లు పలికాయి. ఇంకోటి. పెద్ద డ్రమ్ము. రెండు చేతులూ దింపాడు. పది వేళ్ళతో దరువు మొదలెట్టేశాడు! డ్రమ్ముల మీద తాళాలు, తాళాల మధ్యన ఈలలు. నవ్వేవాళ్ళు నవ్వు ఆపి చప్పట్లు అందుకున్నారు. అన్నిటికంటే ఉరుము గుండెలో కలుక్కుమన్నది ఒకటుంది. ఆయన కూడా నాలుగో దెబ్బ దగ్గర రవ్వంత ఆగాడు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని విని, దాన్ని కూడా ఎత్తుకుపోయాడు. ఆగినప్పుడల్లా హాలంతా ఊగింది. చివరికి జనం లేచి నిలబడ్డారు. వేణువు వాయించి ఆయన బతుకులో అన్ని చప్పట్లు కొట్టించుకోలేదు.

బావ రొప్పుతూ మైకు అందుకున్నాడు. "ఇది నా కొత్త ప్రయోగం! ఈ శబ్దాలన్నీ నేనే ఒక్కొక్కటీ ఏరి, నా చేతులతో కూర్చుకున్నవి!"

అక్క చేతిలో ఇంకో మైకు ఉంది. చెల్లెలి వైపు చూసింది. మైకు నోటి దాకా తెచ్చింది. తల దించుకుని మైకు స్టాండుకి తగిలించేసింది.

వేన్‌లో సామాను ఎక్కిస్తుండగా బావ ఉరుము దగ్గరికొచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు. "నువ్వే చేశావని తెలుసు. నన్ను దించేద్దామనుకున్నావు, ఎక్కించేశావు! రేపు ఇంటికి రా. ఆ ఏడో బటన్ అన్ని పాటలకీ పనికొచ్చేలా చేసిపెట్టు. ఇక నువ్వు లేకుండానే నీ చేతులు నా వేళ్ళలో ఉంటాయి."

"అలాగే బావా" అంది ఉరుము. నవ్వింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. బావ ఆమెని మెషీన్ ముందు కూర్చోబెట్టి, వసారాలో అటూ ఇటూ తిరుగుతూ ఎవరితోనో ఫోనులో కొత్త ఐటం గురించి గొప్పలు పోతున్నాడు. ఉరుము సెట్టింగుల్లో చిట్టచివరి పేజీకి వెళ్ళింది. కార్డు ఫార్మాట్ చెయ్యమని అడిగింది. మొత్తం చెరిగిపోతుంది, సరేనా అని తెర మీద ప్రశ్న వెలిగింది.

వేలు బటన్ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎందుకు ఆగదు? వెనక్కొచ్చి దెబ్బలన్నీ ఒక్కొక్కటే విన్నది. ఇది ఉక్కలో మొదటి రోజు కొట్టింది. ఇది చేతులు నీళ్ళలో ముంచి వచ్చి కొట్టింది. ఈ ఈల అక్కని నవ్వించడానికి వేసింది. ఇక లోకంలో ఉరుము చెయ్యి మోగేది ఇందులోనే. దీన్ని చెరిపితే బావకెంత పోతుందో తెలియదు గానీ తనకి ఏమీ మిగలదు. కాపీ తీసుకుపోదామంటే ఎవరి కోసం? తను లేకుండా తన చేతులు మోగడం ఆమె కళ్ళారా చూసింది. ఇంకోసారి చూడడం ఆమె వల్ల కాదు.

మళ్ళీ ఆ ప్రశ్న తెచ్చింది. వెనక గాజుల చప్పుడైంది. అక్క మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి తెర మీదిది చదువుతోంది.

"నొక్కితే మళ్ళీ రాదా?" అని మెల్లగా అడిగింది.

"రాదు."

"ఆయన దగ్గర ఇంకోటి లేదుగా?"

"తీసుకోమన్నాను. తీసుకోలేదు."

అక్క గ్లాసు బల్ల మీద పెట్టింది. "నిన్న మైకు నా చేతిలోనే ఉందే చెల్లీ. నోరు పెగల్లేదు" అంది. తెర మీంచి చూపు తిప్పుకుని, "నేనేం చూడలేదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఉరుము నొక్కింది. చిన్న బటనే గానీ మణికట్టు దాకా లాగింది.

బావ ఫోను ముగించుకుని చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "అయిందా మరదలా? ఏదీ!" అని మొదలుపెట్టే బటన్ నొక్కాడు. ఫ్యాక్టరీ దరువు వచ్చింది. టిక్కు, టిక్కు, టిక్కు, టిక్కు. నాలుగూ సమానం. బావ నొసలు ముడిపడింది. ఇంకో పాట నొక్కాడు. అదే టిక్కు. ఇంకోటి. అదే. కీబోర్డు మెట్లు నొక్కితే రేకు డబ్బా చప్పుళ్ళు. నిన్న స్టేజీ మీద పాలిపోయిన ముఖం ఇవాళ మళ్ళీ పాలిపోయింది. ఇవాళ తేరుకోలేదు.

"ఏం చేశావే?"

"నువ్వే అన్నావుగా బావా, అలగని మరదలు కావాలని. ఇన్నాళ్ళూ ఇందులో ఉన్నది నేనే. లేచి వచ్చేశాను. ఇక ఇది నిజంగానే అలగదు. వాయించుకో."

బావ కుర్చీలో కూలబడ్డాడు. ఒక్కసారిగా మనిషి సగమైపోయాడు. "పై వారం ప్రోగ్రాము ఒప్పుకున్నానే! చెప్తానే, మైకులో చెప్తాను, ఎన్నిసార్లు చెప్పమంటే అన్నిసార్లు చెప్తాను. మళ్ళీ ఎక్కిద్దాం. బొంతలు నేనే కడతాను." చేతులు పట్టుకోబోయాడు. "ఇంకొక్కసారి మరదలా."

ఉరుము రెండు చేతులూ ఆయన ముందుకి చాచింది. వాచిన మణికట్లు, సగం ముడుచుకుని ఉండిపోయిన వేళ్ళు. వాటిని ఆయన అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూసినట్టు లేదు.

"ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని నువ్వే అవగొట్టేశావు బావా" అంది.

బావ వాటి మీంచి చూపు తిప్పుకుని మెషీన్ మీదికి వంగాడు. ఉరుము సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే చెయ్యి దానంతట అదే కటకటాల మీద పడింది. ఒకటి, రెండు, మూడు కొట్టింది. నాలుగోదాని కోసం ఆగితే మణికట్టులో కత్తి దిగినట్టయింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. పైన బావ ఆశ చావక ఇంకా బటన్లు నొక్కుతూనే ఉన్నాడు. ఏ పాట నొక్కినా అదే టిక్కు టిక్కు. అది వింటూ నవ్వుకుంటూ వీధి చివరిదాకా నడిచింది. మలుపు తిరిగాక, ఇక అది వినపడని చోట, గోడకి ఆనుకుని ఏడ్చింది.